పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: వెబ్ యాక్సెసిబిలిటీలో ఫ్రంటెండ్ ఉద్యోగం

చూపు, వినికిడి, చేతి కదలిక, గ్రహణశక్తి వంటి వాటిలో ఇబ్బంది ఉన్నవారు ఇంకొకరి సాయం అడగకుండా వెబ్‌సైట్లు వాడుకోగలిగేలా చేసే పనిని వెబ్ యాక్సెసిబిలిటీ అంటారు. ఫ్రంటెండ్‌లో, అంటే వెబ్‌సైటులో వాడేవారికి కనిపించే భాగాన్ని రాసే రంగంలో, ఈ పనినే ఉపాధిగా ఎంచుకోవాలనుకునే పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను నాలుగేళ్లుగా రియాక్ట్ అనే జావాస్క్రిప్టు లైబ్రరీతో పనిచేస్తున్నాను. బస్సు టికెట్లు అమ్మే ఒక వెబ్‌సైటు మా బృందం చూసుకుంటోంది. ఈమధ్య దానిమీద యాక్సెసిబిలిటీ ఆడిట్ జరిగింది. నివేదికలోని లోపాలను సరిదిద్దే బాధ్యత నాకు ఇచ్చారు. సీట్లు ఎంచుకునే పేజీలోనే ఎక్కువ లోపాలు చూపించారు. ఈ పని నాకు నచ్చింది. అయితే దీన్నే ప్రత్యేకతగా తీసుకుంటే ఫ్రంటెండ్ నైపుణ్యం తగ్గిపోతుందేమోనని సందేహం. రోజువారీ పని ఎలా ఉంటుంది?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ఈ ప్రత్యేకతలోకి వెళ్లినవారు వెబ్‌పేజీలను రాసే భాష హెచ్‌టీఎంఎల్‌ను, బ్రౌజర్‌ను ఇంకా లోతుగా తెలుసుకుంటారు కాబట్టి ఆ సందేహం అక్కర్లేదు. మీ చేతిలో ఉన్న సీట్ల పేజీనే తీసుకుందాం.

చాలా సైట్లలో ఒక్కో సీటును ఒక డివ్‌గా, అంటే తనకంటూ అర్థం లేని పెట్టెగా రాసి, నొక్కితే పనిచేసేలా దానికి ఆన్‌క్లిక్ జోడించి, ఖాళీ సీటుకు తెలుపు, అమ్ముడైనదానికి బూడిద, మహిళలకు కేటాయించినదానికి గులాబీ రంగు వేసి వదిలేస్తారు. మౌస్ వాడేవారికి ఇందులో లోపమేమీ కనిపించదు. కానీ కీబోర్డు మీద ఆధారపడేవారు ట్యాబ్ కీ నొక్కినప్పుడు ఫోకస్ (పేజీలో కీబోర్డు ప్రస్తుతం ఉన్న చోటు) ఆ సీట్లన్నిటినీ దాటి కింద ఉన్న లింకు దగ్గర ఆగుతుంది. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవారికి అక్కడ నొక్కదగినవి ఉన్నాయన్న సంగతే తెలియదు, అంకెలు మాత్రం వరుసగా వినిపిస్తాయి. రంగుల తేడా పోల్చుకోలేనివారు మహిళల సీటేదో, మామూలు సీటేదో తేల్చుకోలేరు. డివ్ తీసేసి బటన్ ట్యాగ్ పెడితే ఫోకస్ నిలవడం, ఎంటర్, స్పేస్ కీలకు స్పందించడం బ్రౌజరే చూసుకుంటుంది. ఆ తర్వాత "సీటు 12, కిటికీ పక్కన, మహిళలకు కేటాయించినది, 650 రూపాయలు" అని వినిపించే పేరు ఇవ్వాలి. స్క్రీన్ రీడర్లకు అదనపు సమాచారం ఇవ్వడానికి ట్యాగులకు చేర్చే ఏరియా (ARIA) గుణాల్లో, ఎంచుకున్నారో లేదో తెలిపే ఏరియా ప్రెస్‌డ్ ఇవ్వాలి. రంగుతోపాటు కంటికి ఆనే గుర్తు కూడా ఒకటి ఉండాలి.

అసలు ఆలోచించాల్సింది ఆ తర్వాతే మొదలవుతుంది. నలభై సీట్ల బస్సులో మొదటి సీటు నుంచి చివరి సీటుకు చేరడానికి ముప్పై తొమ్మిదిసార్లు ట్యాబ్ నొక్కించడం న్యాయమా? బాణం కీలతో వరుసలవారీగా కదిలే గ్రిడ్ కట్టవచ్చు. కానీ గ్రిడ్‌లోకి వెళ్లగానే స్క్రీన్ రీడర్ పనిచేసే తీరు మారుతుంది. అలవాటు లేనివారు అక్కడ తికమకపడతారు. కాబట్టి "కిటికీ పక్క సీట్లు", "కింది బెర్తులు" వంటి వడపోతలు ఇచ్చి, సీట్లను వరుసకొక శీర్షిక కింద మామూలు బటన్లుగా ఉంచడమే మేలని నా అభిప్రాయం. దీన్ని వాడేవారి దగ్గర కూర్చుని పరీక్షించిన తర్వాత మీరు వేరే నిర్ణయానికి రావచ్చు, అందులో తప్పేమీ లేదు. సీటు ఎంచుకోగానే కింద మారే మొత్తం ధర చూపులేనివారికి కూడా తెలియాలంటే, ఆ భాగం ఏరియా లైవ్ ప్రాంతంగా, అంటే మార్పు రాగానే స్క్రీన్ రీడర్ ప్రకటించే భాగంగా ఉండాలి. అలాగని ప్రతి చిన్న మార్పునూ ప్రకటిస్తే వినేవారికి అది వేధింపు అవుతుంది.

చెల్లింపుకు పెట్టే గడువు గడియారం గురించి కూడా చెప్పాలి. గడువును పొడిగించుకునే వీలుండాలన్నది వెబ్ యాక్సెసిబిలిటీకి అంతర్జాతీయ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ సాధారణ నియమం. వేగంగా అమ్ముడుపోయే టికెట్ల విషయంలో గడువు తప్పనిసరి అయితే మినహాయింపు ఉంటుంది. అయినా ప్రయాణికుల పేరు, వయసు, చెల్లింపు పద్ధతి వంటి వివరాలను సీటు పట్టి ఉంచకముందే నింపించుకుంటే, గడియారం నడిచే సమయంలో చేయాల్సిన పని తగ్గుతుంది. ఇలాంటి మార్పును ఆడిట్ నివేదిక సూచించకపోవచ్చు, ఈ పనిలో ఆరితేరిన డెవలపర్ సూచిస్తారు.

డిజైనర్లతో మాట్లాడటం ఈ ఉద్యోగంలో పెద్ద భాగం. తెల్లని నేపథ్యం మీద 777777 అనే సంకేతమున్న బూడిద రంగు అక్షరాలకు కాంట్రాస్ట్ (అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా నిష్పత్తి) 4.48 వస్తుంది. మామూలు పరిమాణం అక్షరాలకు కావలసింది 4.5. అదే 767676 వాడితే 4.54 వచ్చి సరిపోతుంది. కంటికి తేడా దాదాపు తెలియని ఇలాంటి మార్పులకు డిజైనర్లు వెంటనే ఒప్పుకుంటారు. అసలు చర్చ 999999 వంటి లేత రంగుల దగ్గర వస్తుంది. దాని కాంట్రాస్ట్ 2.85 మాత్రమే. చూపు మందగించిన పెద్దవారు ఎండలో బస్టాండులో నిలబడి ఫోను చూసే సందర్భాన్ని అప్పుడు ఆధారాలతో వివరించాలి.

మిగిలిన సమయం కాంపొనెంట్ లైబ్రరీ మీద, అంటే పేజీలన్నీ పంచుకునే భాగాల సంచయం మీద పెట్టండి. డయలాగ్ (పేజీ మీద తెరుచుకునే చిన్న పెట్టె), మెనూ, తేదీ ఎంచుకునే క్యాలెండర్, ఫారంలో తప్పు చూపించే సందేశం అక్కడ సరిగా ఉంటే వాటిని వాడే పేజీలన్నీ ఒకేసారి మెరుగవుతాయి. పేజీకొక లోపం చొప్పున దిద్దుకుంటూ పోతే వచ్చే ఏటి ఆడిట్‌లో అవే లోపాలు మళ్లీ కనిపిస్తాయి.

ప్రశ్న: ఈ ఉద్యోగాలు అమెరికా, యూరప్ క్లయింట్ల మీదే ఆధారపడి ఉన్నాయా? మన దేశంలో దీనికి చట్టబలం ఏమైనా ఉందా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: విదేశీ క్లయింట్ల ప్రభావం పెద్దదే. అమెరికాలో 1990 నాటి దివ్యాంగుల చట్టం కింద వెబ్‌సైట్ల మీద దావాలు నడుస్తున్నాయి, ప్రభుత్వం కొనే సాఫ్ట్‌వేర్ దివ్యాంగులకు అందుబాటులో ఉండాలనే సెక్షన్ 508 ఉంది. యూరప్ యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చి బ్యాంకింగ్, ఆన్‌లైన్ అమ్మకాలు, ప్రయాణ టికెట్ల వంటి సేవలకు వర్తిస్తోంది. ఆ మార్కెట్లకు సాఫ్ట్‌వేర్ రాసే హైదరాబాద్ బృందాలకు పని అక్కడినుంచి వస్తోంది.

మన దేశం సంగతికి వస్తే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఎలక్ట్రానిక్ సమాచారం, సేవలు అందరికీ అందేలా ఉండాలని చెప్పింది. ప్రైవేటు సేవా సంస్థలకు కూడా అది వర్తిస్తుంది. ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ సాంకేతిక) ఉత్పత్తులు, సేవలకు భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 17802ను 2023లో ఆ చట్టపు నియమాల్లో చేర్చారు. ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లో మొదలై 2023లో మూడో రూపానికి చేరిన జీఐజీడబ్ల్యూ మార్గదర్శకాలు ఉన్నాయి. ఇన్ని ఉన్నా అమలు బలహీనంగానే ఉండిపోయింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, యాక్సెసిబిలిటీ ప్రమాణాలను సిఫారసుల స్థాయిలో ఉంచిన 15(1) నియమం మూల చట్టానికి విరుద్ధమని చెప్పి, తప్పనిసరిగా పాటించాల్సిన నియమాలను రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న వచ్చిన మరో తీర్పు మీవంటి ఫ్రంటెండ్ డెవలపర్లకు నేరుగా సంబంధించినది. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవారు, చూపులేనివారు ఆన్‌లైన్‌లో గుర్తింపు నిర్ధారించే ఈ-కేవైసీ పూర్తిచేయలేకపోతున్నారని దాఖలైన పిటిషన్లలో ఆ తీర్పు వచ్చింది. కెమెరా ముందు కనురెప్పలు ఆర్పితేనే మనిషి సజీవంగా ఉన్నట్టు అంగీకరించే పద్ధతి, కనురెప్పలు ఆర్పలేనివారిని బ్యాంకు ఖాతాకు దూరం చేసింది. డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పి, 20 ఆదేశాలు ఇచ్చింది. ఆ ఏడాది జులై 31న స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తన పరిధిలోని సంస్థలన్నీ డిజిటల్ వేదికలను ఆడిట్ చేయించుకోవాలని సర్క్యులర్ ఇచ్చింది.

కాబట్టి బ్యాంకులు, స్టాక్ బ్రోకర్లు, మ్యూచువల్ ఫండ్ సంస్థల్లో ఈ పని తెలిసినవారి అవసరం పెరుగుతోంది. అయితే "యాక్సెసిబిలిటీ ఇంజినీర్" అనే పేరుతో వచ్చే ప్రకటనలు తక్కువే. సీనియర్ ఫ్రంటెండ్, యూఐ ఇంజినీర్, డిజైన్ సిస్టమ్స్ అనే పేర్లతో వచ్చే ప్రకటనల్లో ఈ నైపుణ్యాన్ని అడుగుతున్నారేమో చూడండి.

ప్రశ్న: వెబ్‌పేజీలను యాంత్రికంగా తనిఖీ చేసే లైట్‌హౌస్ అనే పరికరంలో మా సైటుకు యాక్సెసిబిలిటీ స్కోరు 100 వచ్చింది. ఇంకేమీ చేయనక్కర్లేదని మా మేనేజరు అంటున్నారు. పైగా ఒక లైను స్క్రిప్టుతో సైటును ప్రమాణాలకు తగ్గట్టు మార్చేసే విడ్జెట్ కొందామని కూడా ఆలోచిస్తున్నారు. నేనేం చెప్పాలి?
— ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: యంత్రం పట్టుకోగల లోపాలు అన్ని లోపాల్లో ఒక భాగం మాత్రమే. చిత్రానికి ఆల్ట్ వచనం (చిత్రం బదులు చదివి వినిపించే వివరణ) ఉందో లేదో పరికరం చెబుతుంది. ఆ వచనంలో చిత్రం గురించి నిజంగా ఏమైనా చెప్పారో లేదో చెప్పలేదు. ఓటీపీకి ఆరు చిన్న గడులు పెట్టి ప్రతిదానికీ ఒక పేరు ఇచ్చారనుకోండి, స్కోరు తగ్గదు. కానీ ఒక అంకె కొట్టగానే ఫోకస్ దానంతట అదే పక్క గడికి దూకుతుంటే, స్క్రీన్ రీడర్ వాడే వ్యక్తి తాను ఏ గడిలో ఉన్నదీ తెలుసుకోలేరు. చేయి వణికేవారు తప్పు దిద్దుకోలేరు. ఎస్సెమ్మెస్ నుంచి కాపీ చేసిన సంఖ్య మొదటి గడిలోనే ఆగిపోతుంది. ఆరు గడులు తీసేసి ఒకే ఇన్‌పుట్ పెట్టి, దాని ఆటోకంప్లీట్ గుణానికి వన్-టైమ్-కోడ్ విలువ ఇస్తే ఆ బాధలన్నీ తీరతాయి. అంకెలు ఆరు గడుల్లో ఉన్నట్టు కనిపించాలంటే ఆ పని పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్ చేయగలదు.

మీ మేనేజరుకు నివేదిక చూపించే బదులు ఆయన్నే మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్, షిఫ్ట్-ట్యాబ్, ఎంటర్, ఎస్కేప్ కీలతో మాత్రమే మీ సైటులో ఒక పని మొదటి నుంచి చివరి దాకా పూర్తి చేయమనండి. ఫోకస్ ఎక్కడుందో చూపే గీతను అవుట్‌లైన్ నన్ అని రాసి తీసేసిన సైట్లలో ఆ పరీక్ష మొదటి పేజీలోనే ఆగిపోతుంది.

విడ్జెట్ల విషయంలో నా మాట స్పష్టం: కొనవద్దు. స్క్రీన్ రీడర్ వాడేవారికి తమ పరికరం, తమ అలవాట్లు ముందే ఉంటాయి. సైటు తనవంతుగా మరో పరికరాన్ని పైన తగిలిస్తే రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఏ సైటునైనా కృత్రిమ మేధతో డబ్ల్యూసీఏజీకి తగ్గట్టు మారుస్తామని ప్రచారం చేసుకున్న యాక్సెసిబీ అనే సంస్థ, ఆ ప్రచారం తప్పుదోవ పట్టించేదన్న ఆరోపణపై 10 లక్షల డాలర్లు చెల్లించాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో ఆదేశించింది. ఆ విడ్జెట్‌కు పెట్టే డబ్బుతో స్క్రీన్ రీడర్ నిత్యం వాడే పరీక్షకులకు పారితోషికం ఇచ్చి మీ సైటును పరీక్షింపజేయండి.

ప్రశ్న: నేను తెలుగు వార్తలు, ప్రభుత్వ పథకాల వివరాలు ఇచ్చే ఒక వెబ్‌సైటుకు ఫ్రంటెండ్ చూస్తాను. యాక్సెసిబిలిటీ పాఠాలన్నీ ఇంగ్లీషు పేజీలనే దృష్టిలో పెట్టుకుని రాసినవి. తెలుగు పేజీలకు ప్రత్యేకంగా పట్టించుకోవలసినవి ఏమిటి?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: ఈ ప్రశ్న ఇంకా ఎక్కువమంది అడగాలని నా కోరిక. చాలా తెలుగు సైట్లలో హెచ్‌టీఎంఎల్ ట్యాగుకు ఉండే లాంగ్ గుణంలో ఇంగ్లీషు సంకేతమైన ఈఎన్ అలాగే మిగిలిపోతుంది. టెంప్లేటులో వచ్చినదాన్ని ఎవరూ మార్చరు. స్క్రీన్ రీడర్ ఆ గుణాన్ని నమ్మి ఇంగ్లీషు స్వరాన్ని ఎంచుకుంటే, ఆ స్వరం తెలుగు అక్షరాలను వదిలేయవచ్చు, లేదా అర్థం కాని శబ్దాలుగా చదవవచ్చు. అక్కడ టీఈ అని రాయడం రెండక్షరాల మార్పు. ఎన్‌వీడీఏ అనే విండోస్ స్క్రీన్ రీడర్‌తో ఉచితంగా వచ్చే ఈస్పీక్ స్వరాల్లో తెలుగు ఉంది, ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ తెలుగు స్వరం ఉంది. వినేవారి దగ్గర ఏర్పాటు సిద్ధంగా ఉన్నప్పుడు పేజీ తన భాష చెప్పకపోవడం వల్ల వారు చదువుకోలేకపోవడం బాధాకరం. పేజీ మధ్యలో పూర్తి ఇంగ్లీషు పేరా వస్తే ఆ భాగానికి విడిగా ఇంగ్లీషు సంకేతం ఇవ్వండి.

రెండో సమస్య పాత ఫాంట్లది. యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చిన 1991 నుంచి తెలుగుకు అందులో చోటుంది. అయినా ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు బొమ్మలు అతికించిన డీటీపీ ఫాంట్లతో తయారైన పీడీఎఫ్‌లు ఇప్పటికీ అప్‌లోడ్ అవుతున్నాయి. కంటికి చక్కని తెలుగులా కనిపించే ఆ వచనం స్క్రీన్ రీడర్‌కు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా అందుతుంది. వెతికినా దొరకదు, కాపీ చేసినా పనికిరాదు. స్కాన్ చేసిన జీవోల పరిస్థితి అంతకన్నా దారుణం, వాటిలో అక్షరమే ఉండదు. మీ సైటులో పింఛను అర్హతలు, దరఖాస్తు గడువులు వంటివి ఉంటే వాటిని తప్పకుండా యూనికోడ్ తెలుగులో పేజీ మీదే రాసి, పీడీఎఫ్‌ను అదనంగా ఉంచండి. ఆ పింఛను కోసం ఎదురుచూసేవారిలో దివ్యాంగులు ఉంటారన్నది మరవకూడదు.

మూడోది లిపి ఆకారానికి సంబంధించినది. గుడి దీర్ఘాలు పైకి, వత్తులు కిందికి సాగుతాయి కనుక ఇంగ్లీషుకు సరిపోయే 1.2 లైన్ హైట్‌లో (వరుస ఎత్తులో) తెలుగు ఇరుక్కుంటుంది. ఎత్తు స్థిరంగా పెట్టి, మించినదాన్ని కనిపించకుండా చేసే బటన్లలో వత్తులు తెగిపోతాయి. ఎత్తును స్థిరం చేయకుండా ప్యాడింగ్‌తో (అక్షరాల చుట్టూ వదిలే ఖాళీతో) బటన్‌ను పెంచండి, లైన్ హైట్ 1.6 దగ్గర మొదలుపెట్టి మీ ఫాంటుకు తగ్గట్టు సరిచూడండి. 14 పిక్సెళ్ల పరిమాణంలో ఇంగ్లీషు చదవగలిగినవారికి కూడా తెలుగు వత్తులు ఆనవు. సమాసాలు పొడవైనవి కాబట్టి పేజీని 400 శాతం పెద్దది చేసి చూసినప్పుడు అడ్డంగా జరపాల్సిన అవసరం రాకుండా పదం విరిగే ఏర్పాటు చేయాలి.

చివరగా, కంటికి కనిపించని వచనం అనువాదంలో తప్పిపోతుంది. తెర మీద ఉన్న మాటలన్నీ తెలుగులోకి మారినా, ఏరియా లేబుళ్లు, ఆల్ట్ వచనాలు, పేజీ శీర్షిక కోడ్‌లో ఇంగ్లీషులోనే ఉండిపోతాయి. వీటిని కూడా అనువాద ఫైళ్లలోకి తీసుకురండి. బటన్ మీద కనిపించే మాట దాని ఏరియా లేబుల్‌లో కూడా ఉండాలని డబ్ల్యూసీఏజీ అడుగుతుంది. గొంతుతో ఆదేశాలిచ్చేవారు తమకు కనిపించే మాటే పలుకుతారు కదా.

ప్రశ్న: నాకు చూపు లేదు. కంప్యూటర్ సైన్స్‌లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎన్‌వీడీఏ వాడతాను. నాలాంటివారికి టెస్టింగ్ ఉద్యోగాలే సరిపోతాయని మా అధ్యాపకులు అంటున్నారు. డెవలపర్‌గా పనిచేయడం నాకు సాధ్యమేనా?
— ఒక విద్యార్థి, వరంగల్

సమాధానం: సాధ్యమే. మీరు వాడుతున్న ఎన్‌వీడీఏనే దీనికి ఆధారం. 2006లో దాన్ని ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన మైకేల్ కరన్, ఆయనతో కలిసి దాన్ని పెంచిన జేమీ టే ఇద్దరూ చూపులేని ప్రోగ్రామర్లే. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో స్క్రీన్ రీడర్‌కు ప్రత్యేక ఏర్పాటు, లోపం ఉన్న వరుసకు రాగానే శబ్దంతో తెలిపే సదుపాయం ఉన్నాయి. హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్టు, ఫారంల తనిఖీ, ఫోకస్ నిర్వహణ, ఆటోమేటిక్ పరీక్షలు మీరు స్వయంగా చేయగల పనులు. రంగుల కాంట్రాస్ట్‌ను కూడా లెక్క ద్వారా తేల్చవచ్చు. ఒక భాగం మరొకదాని మీదికి వచ్చిందా, లేఅవుట్ చూడటానికి ఎలా ఉంది అన్నవి చూపున్న సహోద్యోగితో కలిసి సరిచూసుకోవాల్సి ఉంటుంది. స్క్రీన్ రీడర్ ప్రవర్తన విషయంలో ఆ సహోద్యోగికి మీ అవసరం అంతకన్నా ఎక్కువగా ఉంటుంది.

టెస్టింగ్ మంచి ఉద్యోగమే, ఇష్టంతో ఎంచుకుంటే. చూపు లేదన్న కారణంతో అక్కడికే పరిమితం చేయడాన్ని మాత్రం అంగీకరించకండి. 2016 చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. దరఖాస్తు చేసే ముందు ఆ పత్రం అడిగి చదవండి. కోడింగ్ పరీక్ష నిర్వహించే వేదిక స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తుందో లేదో ముందుగానే రాతపూర్వకంగా అడగండి, పనిచేయకపోతే మీ సొంత ఎడిటర్‌లో రాసే వీలు కోరండి. పరీక్ష మొదలయ్యాక అడిగితే ఏర్పాటు చేయడానికి వారికి సమయం ఉండదు, నష్టం మీకు జరుగుతుంది.

ప్రశ్న: ఎక్కడ నేర్చుకోవాలి? ఏ సర్టిఫికెట్ తీసుకోవాలి? ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?
— ఒక పాఠకురాలు, డల్లాస్, అమెరికా

సమాధానం: వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో ఉచితంగా అందించే డిజిటల్ యాక్సెసిబిలిటీ ప్రాథమిక కోర్సుతో మొదలుపెట్టండి. దాంతోపాటు 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో ఏ, డబుల్ ఏ స్థాయుల 55 నియమాలను ఒక్కొక్కటిగా, వాటి వివరణ పత్రంతో కలిపి చదవండి. అమెరికాలో ఉన్నారు కాబట్టి అక్కడి హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ నిర్వహించే ట్రస్టెడ్ టెస్టర్ శిక్షణ మీకు బాగా పనికొస్తుంది, దానికి రుసుము లేదు. యాక్సెసిబిలిటీ నిపుణుల అంతర్జాతీయ సంఘమైన ఐఏఏపీ ఇచ్చే సర్టిఫికెట్లలో సీపీఏసీసీ విషయ పరిజ్ఞానానికి, డబ్ల్యూఏఎస్ సాంకేతిక నైపుణ్యానికి సంబంధించినవి. డెవలపర్లు డబ్ల్యూఏఎస్ వైపు వెళ్లడం మంచిది. అయితే ఏడాదైనా చేతితో పనిచేసిన తర్వాతే ఆ పరీక్ష రాయమంటాను.

ఇంటర్వ్యూలో చాలాచోట్ల ఒక డయలాగ్ కట్టమంటారు. తెరవగానే ఫోకస్ లోపలికి వెళ్లాలి, అది తెరిచి ఉన్నంతసేపూ వెనుక పేజీలోకి జారకూడదు, ఎస్కేప్‌తో మూసుకోవాలి, మూశాక తెరిచిన బటన్ దగ్గరికే తిరిగి రావాలి. బ్రౌజర్‌లోని డయలాగ్ ట్యాగును షోమోడల్ అనే జావాస్క్రిప్టు ఆదేశంతో తెరిస్తే ఇందులో చాలా భాగం దానంతట అదే వస్తుంది. దాన్ని వాడి, ఏది బ్రౌజర్ ఇచ్చిందో, ఏది మీరు రాశారో విడమరిచి చెప్పగలగాలి. ఏరియా గుణాలు ఎన్ని తెలుసన్నదానికంటే, హెచ్‌టీఎంఎల్ ట్యాగు ఉన్నచోట వాటిని ఎందుకు వాడకూడదో చెప్పగలవారికే ప్రాధాన్యం ఇస్తారు. మీరు రాసిన డయలాగ్‌ను విండోస్‌లో ఎన్‌వీడీఏతో, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్‌తో, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్‌తో నడిపి, మూడింటిలో ఏం వినిపించిందో రాసి పెట్టుకుని వెళ్లండి.